లేవని చేతులు

పదో తరగతిలో ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

హెడ్మాస్టరు విశ్వేశ్వరరావు అడిగిన ప్రశ్నలో మెలిక ఏమీ లేదు. ఆటల పీరియడు ఉంచమంటారా, లెక్కలకి ఇచ్చెయ్యమంటారా అని అడిగాడు. ఉంచమనేవాళ్లు చెయ్యెత్తండి అన్నాడు. గొంతు పెంచలేదు, కళ్లెర్రజెయ్యలేదు. రేపు ఎవరూ తనని ఒక మాట అనకుండా, డ్రిల్లు టీచరు ఎస్తేరుని కూడా పక్కనే నిలబెట్టుకున్నాడు.

పిల్లలు బల్లల కేసి చూశారు. కొందరు కిటికీలోంచి గ్రౌండు కేసి చూశారు. చేతులు మాత్రం ఒళ్లోనే ఉండిపోయాయి. తొమ్మిదో తరగతిలోనూ అంతే. ఎనిమిదిలో ఒకడు సగం ఎత్తి, ఎస్తేరు కళ్లలోకి చూసి, ఆ చేత్తోనే తల గోక్కున్నాడు.

"చూశారుగా టీచరుగారూ," అన్నాడు హెడ్మాస్టరు వరండాలోకి వచ్చాక. "నేనైతే బలవంతం చెయ్యలేదు."

ఎస్తేరుకి ఒళ్లు మండిపోయింది. శనివారం స్కూలు కమిటీ కూర్చుంటుంది. పెద్ద తరగతుల ఆటల పీరియడ్లన్నీ లెక్కలకీ సైన్సుకీ పంచెయ్యాలనీ, గ్రౌండులో సగం మీద రేకుల షెడ్డు వేసి కోచింగు క్లాసులు పెట్టాలనీ కమిటీవాళ్లు ముందే ఒక మాట అనుకున్నారు. ఇప్పుడు పిల్లలు కూడా వద్దన్నారు. ఇక అడ్డేముంది? ఎస్తేరు ఉద్యోగానికి ఢోకా లేదు, జీతం వస్తుంది. పని మాత్రం ఉండదు.

ఇన్నాళ్లూ మాత్రం ఏం పని చెయ్యనిచ్చారు గనక. పరీక్ష పేపర్ల కట్టలు మొయ్యాలంటే ఎస్తేరు. మధ్యాహ్న భోజనాల దగ్గర లైను నిలబెట్టాలంటే ఎస్తేరు. ఎవరో పెద్దమనిషి ఊళ్లోకి వస్తుంటే పిల్లల చేతికి జెండాలిచ్చి ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన ఎండబెట్టాలన్నా ఎస్తేరే. ఆటసామాన్ల గదిలో విరిగిన బెంచీలు పెట్టారు. బంతులు కొనమని వచ్చిన డబ్బుతో ఆఫీసు గదికి రంగు వేయించారు. వాలీబాలు నెట్టు చిరిగిపోతే ఆమె కాలవ అవతలికి వెళ్లి, వలలు అల్లేవాళ్లని బతిమాలి కుట్టించుకుని వచ్చింది. ఇంత చేస్తే చివరికి ఆ పిల్లలే ఆమె మొహం మీద తలుపేశారు. అన్నిటికన్నా అదే ఎక్కువ మండింది.

అలాగని బడిలో ఆమెకి విలువ లేదని కాదు. ఆమె వచ్చిన కొత్తలో పెద్ద తరగతుల మగపిల్లలు గోడ దూకి మ్యాటినీకి పోయేవాళ్లు. ప్రార్థన జరుగుతుంటే వెనక వరసలో తన్నుకునేవాళ్లు. ఇప్పుడు ఆమె ఈల ఊదితే ఆవరణంతా బిగుసుకుపోతుంది. "డ్రిల్లు టీచరుకి అప్పజెప్తాను" అన్నదాన్ని మించిన బెదిరింపు ఆ బడిలో లేదు. తెలుగు మాస్టారి దగ్గర్నుంచి లెక్కల టీచరు కామేశ్వరి దాకా అందరూ ఆ మాటని వాడుకునేవాళ్లే. ఎస్తేరుకి అది గర్వంగానే ఉండేది. క్రమశిక్షణ తన దగ్గర్నుంచి అప్పు తీసుకుంటున్నారని అనుకునేది.

ఆ సాయంత్రం ఆమె తిన్నగా ఇంటికి వెళ్లలేదు. బస్సెక్కి నూకరాజు గురువు దగ్గరికి వెళ్లింది.

నూకరాజు సాము నేర్పే తాలింఖానా పాత రైసుమిల్లు వెనకాల ఉంది. నాలుగు స్తంభాల మీద తాటాకు కప్పు. నడుమ గోదా. నూనే, మజ్జిగా, పసుపూ కలిపి తొక్కిన మెత్తని మట్టి. గోడ వారగా గదలు, కర్రలు, ఎత్తడానికి రాళ్లు. ఎస్తేరు పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు రోజూ ఆ గోడ అవతల నిలబడి సాము చూసేది. ఆడపిల్లని, అందులోనూ పేట నుంచి వచ్చినదాన్ని, గోదాలోకి ఎలా దింపుతావని ఊళ్లో పెద్దలు కొందరు గురువుని నిలదీశారు. ఆయన వాళ్లకేం సమాధానం చెప్పలేదు. వాళ్లు చూస్తుండగానే ఆ పిల్ల చేతికి ఒక కర్ర ఇచ్చాడు. ఆ కర్రే ఆమెని జిల్లా పోటీల దాకా, ఆ తరవాత వ్యాయామ విద్య కోర్సు దాకా తీసుకెళ్లింది. అందుకే ఇప్పటికీ దేనికైనా ఒళ్లు మండితే ఆమె వచ్చేది ఇక్కడికే.

గురువుకి డెబ్బై దాటాయి. పలుగుపార పట్టుకుని గోదాలో మట్టి తిరగేస్తున్నాడు. ఆమె చెప్పింది విన్నాడు. మట్టి తిరగేస్తూనే విన్నాడు.

"శనివారం కమిటీ ముందు చదువుతానండి," అని ఎస్తేరు సంచీలోంచి కాగితాలు తీసింది. రెండు వారాలు కూర్చుని రాసింది. బడుల్లో వ్యాయామ విద్య ఎలా వచ్చింది, ఎందుకు కావాలి అన్నది విషయం. అరుగు మీద కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది.

బాగానే రాసింది. కోపంతో రాసింది గనక ఇంకా బాగా వచ్చింది. ఒకప్పుడు ఊరూరా తాలింఖానాలుండేవనీ, జమీందార్లు వాటిని పోషించారనీ, ఒళ్లు గట్టిపడని చదువుని చదువే అనుకోలేదనీ రాసింది. తెల్లవాళ్ల కాలంలో బళ్లలోకి డ్రిల్లు వచ్చింది. నేర్పడానికి పటాలంలో పని చేసి పింఛను పుచ్చుకున్న సిపాయిలని తెచ్చుకున్నారు. డ్రిల్లు మాస్టారు అన్న పేరు అలా పుట్టిందే. ఆ తరవాత మద్రాసులో వ్యాయామోపాధ్యాయులకి కాలేజీ పెట్టారు, వాలీబాలూ బాస్కెట్‌బాలూ వచ్చాయి. ఆడపిల్లల దాకా రావడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. వాళ్లు పరిగెత్తితే చూసేవాళ్లకి సిగ్గు పుట్టుకొచ్చేదట. స్వాతంత్ర్యం వచ్చాక ప్రతి బడి టైంటేబుల్లోనూ ఆటలకి చోటు దొరికింది. బడికి ఆటస్థలం ఉండాలని ఇప్పుడు చట్టమే చెప్తోంది.

అక్కడి నుంచి ఎస్తేరు గొంతు పెరిగింది. చట్టం చెప్తే ఎవడికి కావాలి? మేడ మీద అద్దె గదుల్లో బడి పెట్టి, పిల్లల్ని పొద్దుణ్ణుంచి రాత్రి దాకా కుర్చీలకి అతికించి, ర్యాంకుల బొమ్మలు రోడ్డు మీద కడుతున్నారు. కాస్త మెట్లెక్కితే ఆయాసపడే పిల్లలు. పన్నెండేళ్లకే నడుంనొప్పి, కళ్లజోడు. వీపు మీద బస్తా అంత సంచీ. నిద్ర ఉండదు, ఆకలి ఉండదు. ఒక పరీక్ష పోతే బతుకే పోయిందనుకుని ఏదో ఒకటి చేసుకుంటున్నారు. ఓడిపోయి, దుమ్ము దులుపుకుని, మర్నాడు మళ్లీ ఆడొచ్చని వాళ్లకి ఏ పాఠం నేర్పుతుంది? ఉన్న ఒక్క పీరియడూ లాక్కుని మళ్లీ లెక్కలే చెప్తారట.

చదవడం అయ్యేసరికి ఆమె అరుగు మీంచి లేచి నిలబడి ఉంది.

"బాగా రాశావమ్మా," అన్నాడు గురువు. "ఎవరి కోసం రాశావు?"

"కమిటీ కోసమండి."

"చెయ్యెత్తనిది కమిటీ కాదుగా."

 పిల్లలకేం తెలుసునని అంది ఎస్తేరు. ఇళ్లలో అమ్మానాన్నలు మార్కులు మార్కులని చెవిలో పోరుతుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారని అంది. అందులో నిజం లేకపోలేదు.

గురువు పలుగుపార గోడకి ఆనించి, కాళ్లకంటిన మట్టి జాగ్రత్తగా గోదాలోకే దులిపాడు. "ఆ సిపాయిల ముక్క మళ్లీ చదువు," అన్నాడు.

ఆమె చదివింది. పటాలంలో నేర్చుకున్నదే వాళ్లు బళ్లలో నేర్పారనీ, కాళ్లు కలపడం, తల తిప్పడం, చెప్పిన మాట వినడం అదే వ్యాయామం అనుకున్నారనీ ఉందక్కడ.

"పటాలంలో తప్పు చేసినోణ్ణి ఏం చేసేవారో రాయలేదేం?"

"మూట వీపున కట్టి ఎండలో పరిగెత్తించేవారండి. అదంతా పాతకాలం. ఇప్పుడు మేము చెప్పేదంతా శాస్త్రీయమండి."

ఆయన తల ఊపాడు. "మీ బడికి ఓపాలి వస్తాను. రేపు పొద్దున్నే."

ఎస్తేరుకి ధైర్యం వచ్చింది. గురువు తన పని చూస్తాడు. చూస్తే కమిటీ ముందు ఒక మాట చెప్తాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన మాట తోసెయ్యగలిగినవాళ్లు తక్కువ.

మర్నాడు ఆయన సైకిలు మీద వచ్చేసరికి ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. ఎస్తేరు ఆయన్ని వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ రోజు ఈల మామూలు కన్నా గట్టిగా ఊదిందేమో కూడా. పిల్లలు తరగతుల వారీగా బారులు తీరారు. సావధాన్ అంటే ఒక్క చప్పుడు, విశ్రామ్ అంటే ఒక్క చప్పుడు. ఇటునుంచి చూస్తే ఒక్కొక్క వరసలోనూ ముందున్న పిల్ల తప్ప వెనకవాళ్లు కనబడనంత తిన్నగా ఉన్నాయి బారులు. ఎస్తేరు ఓరకంట గురువు కేసి చూసింది. ఆయన పిల్లల మొహాలు చూస్తున్నాడు.

ప్రార్థన అయ్యాక గేటు తీశారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు బయట గుంపుగా నిలబడి ఉన్నారు. ఎస్తేరు వాళ్లకేమీ చెప్పక్కర్లేదు. సంచీలు గోడ పక్కన పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, గ్రౌండు చుట్టూ పరుగు మొదలుపెట్టారు. అది ఆ బడిలో వాడుక. ఆలస్యమైతే పరుగు.

ఆ వెంటనే కామేశ్వరి టీచరు క్లాసులోంచి ముగ్గురు మగపిల్లలు వచ్చారు. ఇంటిలెక్కలు చెయ్యలేదట, బస్కీలు తీయించమన్నారట. సోషలు మాస్టారు ఒక అమ్మాయిని పంపించాడు. క్లాసులో మాట్లాడిందట, ఆయనకి తీరిక లేదట. ఎస్తేరు ఎవరి పని వాళ్లకి చకచకా అప్పగించింది. ఆమెకిది కొత్తేం కాదు, అన్నం తిన్నంత మామూలు. గుంజీళ్లు, బస్కీలు, దండీలు, పరుగు. తప్పుకి తగ్గ వ్యాయామాలన్నీ ఆమె దగ్గర ఉండేవి. "వంగాలి, పూర్తిగా వంగాలి, దొంగ బస్కీలు కాదు," అని ఆమె అంటుంటే ఆ ముగ్గురిలో ఒకడు నేల కేసి చూస్తూ మోకాళ్లు ముడిచి లేస్తున్నాడు.

నూకరాజు గురువు కుర్చీలోంచి లేచాడు. కండువా తీసి వాలీబాలు స్తంభానికి తగిలించాడు. పంచె ఎగగట్టాడు. ఎస్తేరు ఏమిటా అని చూస్తుండగానే, ఆలస్యంగా వచ్చిన పిల్లల వెనకాల గ్రౌండు చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టాడు.

ఆయన పరుగు నెమ్మదైనదే. అయినా చూడముచ్చటగా ఉంది. భుజాలు వదులుగా, మడమ పడీ పడకుండా. వరండాలో టీచర్లు ఆగిపోయి చూస్తున్నారు. పిల్లలు వెనక్కి వెనక్కి తిరిగి చూసుకుంటున్నారు. ఒకడు, ముసలాళ్లకి కూడా గేటు మూసేస్తారా అని పక్కవాణ్ణి అడిగాడు. వాడు, వాళ్లకి సగం చుట్టేలే అన్నాడు.

తొమ్మిదో తరగతి పిల్ల, పావని, అందరికన్నా వెనకబడి పరిగెడుతోంది. పొట్టి పిల్ల. గురువు ఆమెని అందుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే ఎస్తేరు నిలబడ్డ చోటు దాకా వచ్చారు.

"తాతగారండీ," అంది ఆ పిల్ల ఆయాసపడుతూ. "మీరేం తప్పు చేశారండీ?"

"ఏం చెయ్యలేదమ్మా."

"మరెందుకు పరిగెడుతున్నారు?"

"ఊరికే. బాగుంటుంది కదా."

ఆ పిల్ల ఆయన్ని నమ్మలేదు. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోలేక ఏదో చెప్తారని ఆమెకి తెలుసు. జాలిగా చూసింది. గొంతు తగ్గించింది గానీ ఎస్తేరుకి వినపడనంతగా తగ్గించలేదు.

"కడుపునొప్పని చెప్పండి. టీచరు వదిలేస్తారు."

ఇద్దరూ దాటి వెళ్లిపోయారు. ఎస్తేరు ఈల ఊదడానికి నోటి దాకా తెచ్చి, ఊదలేదు. బస్కీలు తీస్తున్న ముగ్గురూ ఆపమన్నారో లేదో తెలియక తీస్తూనే ఉన్నారు. వాళ్లలో ఆ నేలచూపుల పిల్లవాడి మీద ఆమె చూపు పడింది. వీపు తిన్నగా ఉంది. మోకాళ్లు పాదాలు దాటడం లేదు. కిందికి వెళ్తున్నప్పుడు తొణకడం లేదు. ఎంత చెప్పినా నలుగురిలో ఒకరికి కూడా కుదరని తీరు వాడికి ఎవరూ చెప్పకుండానే కుదిరింది. తాలింఖానాలో అయితే గురువు పిలిచి వీపు తట్టేవాడు, అందరినీ ఆపి చూపించేవాడు. ఈ పిల్లవాణ్ణి ఆమె ఎన్నిసార్లు ఇక్కడ నిలబెట్టిందో. ఒక్కసారి కూడా చూడలేదు. అరుస్తూ లెక్కపెట్టింది.

గురువు పరుగు ముగించి వచ్చాడు. చెమట తుడుచుకుని కండువా వేసుకున్నాడు. కమిటీ మాట ఎత్తలేదు, ఎత్తుతాడేమోనని ఆమె కూడా ఇప్పుడు ఎదురుచూడలేదు. సైకిలు స్టాండు తీస్తూ ఒకే మాట అన్నాడు.

"పిల్ల మంచిదమ్మా. నాకు తప్పించుకునే దారి చెప్పింది."

ఆయన వెళ్లాక ఎస్తేరుకి ముందు ఆయన మీదే కోపం వచ్చింది. బడంతా చూస్తుండగా నిలబెట్టి చెంపదెబ్బ కొట్టినట్టే ఉంది. తరవాత పావని మీద వచ్చింది. అది ఎక్కువసేపు నిలబడలేదు. ఆ పిల్ల ఆరో తరగతిలో ఈ బడికి వచ్చింది. ఈ నాలుగేళ్లలో ఆ పిల్ల ఈ గ్రౌండులో పరిగెత్తిన ప్రతిసారీ ఏదో ఒక తప్పుకి పరిగెత్తింది. బంతులు లేవు, వారానికొచ్చే ఒక్క పీరియడులో సగం రోజులు వరసలు దిద్దడంతోనే సరిపోయేది. పరుగంటే ఇంకేమనుకుంటుంది?

శనివారం దాకా ఆ కోపం ఆరలేదు. దాని దారి మాత్రం మారింది.

కమిటీ హెడ్మాస్టరు గదిలో కూర్చుంది. అధ్యక్షుడు సుబ్బరాజు గారు కొబ్బరి వ్యాపారి, పెద్దమనిషి, చేతిగడియారం చూసుకునే అలవాటున్నవాడు. కామేశ్వరి టీచరు పదో తరగతి ఫలితాల గురించి మాట్లాడింది. ఆమె చెడ్డ మనిషేం కాదు. పాఠాలు మిగిలిపోతున్నాయని ఆమె బాధ. ఆ బాధలో ఎవరి పీరియడు తినాలన్నా ముందు ఆటలదే కనబడుతుంది, అందరికీ కనబడినట్టే.

సుబ్బరాజు గారు, టీచరుగారేదో చదువుతారన్నారు, చదవమనండి అన్నాడు.

ఎస్తేరు లేచింది. కాగితాలు సంచీలోనే ఉన్నాయి, తియ్యలేదు. పిల్లలు ఎందుకు చెయ్యెత్తలేదో చెప్తానని అంది. ఇళ్ల దగ్గర మార్కుల పోరు సంగతి అందరికీ తెలుసనీ, అది కాదు తను చెప్పేదనీ అంది. ఈ బడిలో ఏ పిల్ల అయినా పరిగెత్తుతుంటే చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా అని అడిగి, పావని గురువుని అడిగిన మాట చెప్పింది. ఒకాయన నవ్వాడు. పక్కవాళ్లు నవ్వకపోయేసరికి ఆపాడు.

"ఆ చేతులు లేవకుండా చేసింది నేనే," అంది ఎస్తేరు. "నా చేత చేయించింది మీరు."

 ఆమె ఆపలేదు. ఇంటిలెక్కలు చెయ్యనివాణ్ణి నా దగ్గరికి పంపుతారు. మాట్లాడినదాన్ని పంపుతారు. పరీక్ష ఫీజు తేనివాణ్ణి కూడా ఎండలో నిలబెట్టమని పంపినవాళ్లున్నారు. నేను నిలబెట్టాను. వాలీబాలు ఆడనివాడి చేత ఎప్పుడైనా లెక్కలు చేయించి శిక్ష వేశామా, వెయ్యలేదు, ఎందుకంటే లెక్కలంటే పిల్లలకి అసహ్యం పుడుతుందని మనకి తెలుసు. ఆటల మీద పుడితే ఎవరికీ నష్టం లేదనుకున్నాం. అసహ్యం పుట్టేదాకా వాడుకుని, ఇప్పుడు పిల్లలే వద్దంటున్నారని చెప్పి గ్రౌండులో షెడ్డు వేస్తారట. ఇది ఏ న్యాయం.

"టీచరుగారూ, కాస్త నెమ్మది," అన్నాడు హెడ్మాస్టరు.

నెమ్మదిగా ఉండబట్టే ఇంతదాకా వచ్చిందని అంది ఆమె. అర్ధసంవత్సర పరీక్షల దాకా గడువియ్యమంది. ఈ లోపు ఏ టీచరూ ఏ పిల్లనీ శిక్షకి గ్రౌండులోకి పంపకూడదు. తనూ వెయ్యదు. ఆటల పీరియడులో ఆటలే. పరీక్షలయ్యాక మళ్లీ ఇలాగే పిల్లల్ని అడగండి. అప్పుడూ చేతులు లేవకపోతే పీరియడు తీసేసుకోండి, షెడ్డు వేసుకోండి, నేనే దగ్గరుండి స్తంభాలకి గోతులు తవ్విస్తాను.

సుబ్బరాజు గారు గడియారం చూసుకున్నాడు. షెడ్డుకి రేకులు ఇంకా రాలేదని పక్కనున్నాయన గుర్తుచేశాడు. అవి వచ్చేదాకా గడువిస్తే పోయేదేముందని అనుకున్నారో, ఈవిడతో ఎందుకొచ్చిన గొడవని అనుకున్నారో, మొత్తానికి ఒప్పుకున్నారు. కామేశ్వరి టీచరు మాత్రం బయటికొస్తూ, మా పిల్లల్ని మేమే చూసుకోవాలన్నమాట ఇకమీద, అని ఎవరితోనూ కాకుండా అంది.

హెడ్మాస్టరు గుమ్మం దగ్గర ఎస్తేరుని ఆపాడు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"అంతా బాగానే ఉంది. సోమవారం పొద్దున్న గేటు తీసేసరికి ఆలస్యంగా వచ్చినవాళ్లు నిలబడి ఉంటారు. మిమ్మల్ని చూడగానే పరుగు మొదలెడతారు. వాళ్లనేం చేస్తారు?"

 ఎస్తేరు గేటు కేసి చూసింది. పరుగు మాన్పిస్తే రోజూ సగం బడి ఆలస్యంగా వస్తుంది. అప్పుడు అర్ధసంవత్సరం దాకా కూడా ఆగరు. చూశారా, ఈల పోతే ఏమైందో అంటారు.

ఆ ప్రశ్న మోసుకుని సాయంత్రం తాలింఖానాకి వెళ్లింది.

గోదాలో సాము అప్పుడే మొదలైంది. గురువు మట్టికి దణ్ణం పెట్టి మొదటి జతని దింపాక ఇక ఎవరినీ లోపలికి రానివ్వడు. అది ఆ తాలింఖానా వాడుక. ఆడా మగా, పెద్దా చిన్నా, ఉన్నవాళ్లతోనే గోదా నిండిపోయింది. ఒకళ్లు పట్టు విడిపించుకోలేక నవ్వుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు వెక్కిరిస్తున్నారు. ఎస్తేరు అరుగు మీద కూర్చుంది. గురువు గోదా అంచున నిలబడి ఒకమ్మాయి కర్ర పట్టు సరిచేస్తున్నాడు.

"గురువుగారూ, గడువిచ్చారండి," అంది. జరిగింది క్లుప్తంగా చెప్పింది. "ఇప్పుడొక్కటే తెలియడం లేదండి. ఆలస్యంగా వచ్చినవాళ్లని ఏం చెయ్యాలి?"

గురువు వినిపించుకున్నాడో లేదో. ఆ అమ్మాయి బొటనవేలు కర్ర మీద ఎక్కడ ఉండాలో చూపిస్తున్నాడు.

అంతలో తాపీమేస్త్రి సింహాచలం పరిగెత్తుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. మోచేతుల దాకా సిమెంటు ఇంకా ఆరలేదు. గోదా కేసి చూసి, మొదలైపోయిందని గ్రహించి, గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"స్లాబు పోస్తన్నారండి, మజ్జిలో వదిలేసి రాలేకపోయేనండి."

గురువు అలాగా అన్నట్టు తల ఊపాడు. కోప్పడలేదు. వెళ్లమనలేదు, రమ్మనలేదు.

సింహాచలం గోదా చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎక్కడైనా కాలు పెట్టే సందుందేమో చూశాడు. "ఓ మూల నిలబడి నాలుగు దండీలు తీసుకుంటానండి, ఎవరికీ అడ్డం రానండి," అన్నాడు. లోపల్నుంచి ఎవరో, మేస్త్రిగారూ, మీ స్లాబు ఆరిందేమో చూసుకుని రండి అన్నారు. గోదా అంతా నవ్వింది. అతనూ నవ్వాడు గానీ ఆ నవ్వు మొహం మీద నిలవలేదు. అరుగు మీద ఎస్తేరు పక్కన వచ్చి కూలబడ్డాడు. లోపల ఒకడు పట్టు మారిస్తే ఇతని భుజం కదిలింది. ఒకడు తప్పు అడుగేస్తే ఇతని కాలు నేల మీద జరిగింది. రెండుసార్లు లేచాడు, రెండుసార్లు కూర్చున్నాడు.

"రేపు పని సగంలో వదిలేసైనా ముందే వచ్చేత్తానండి, ఆయ్," అన్నాడు, గురువు అడక్కుండానే.

గురువు ఆ వైపు చూడలేదు. అమ్మాయి కర్ర వదిలి, ఇంకొకళ్ల దగ్గరికి వెళ్లాడు.

ఎస్తేరు మేస్త్రి మొహం కేసి, అతని కళ్లు వదలని గోదా కేసి చూసింది. తన ప్రశ్న మళ్లీ అడగలేదు.